ఏడో గిన్నె

పప్పులో గరిటె తిప్పి, అరచేతిలో ఒక చుక్క వేసుకుని నాకింది భద్రమ్మ. ఉప్పు సరిపోయింది. పిల్లలకు వడ్డించే ముందు వంటమనిషి తిని చూడాలని బడిలో నిబంధన. అది లేకపోయినా ఆమె చూసేదే. కళ్యాణదుర్గం పక్కనున్న ఈ బడిలో పదహారేళ్లుగా పొయ్యి ముందు వంగి వంగి నడుము నిటారుగా నిలవడం మానేసింది. వేళ్లకు వదలని పసుపు, మడమలకు పగుళ్లు. ఆయమ్మా అంటే పలుకుతుంది. పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు.

గూట్లోని పోపులపెట్టె దించింది. ఆరు గిన్నెల్లో ఆవాలూ జీలకర్రా లాంటివి. ఏడో గిన్నెలోని మెంతులు తీసేసి, కడిగి తుడిచి, షాజాదీ మాత్రలు పెట్టుకుంది. నాలుగో తరగతి షాజాదీకి ఒకచోట కుదురుండదు, ఒక మాట మీద మనసు నిలవదు. అనంతపురం డాక్టరు పొద్దున ఒకటి, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒకటి రాశాడు. తల్లి ఫరీదా ఆ చీటీ పట్టుకుని టీచర్లందరినీ బతిమాలింది. మాత్రలు మింగించడం మా పని కాదన్నారు. పాఠం చెప్పడమైనా తమ పనేనని ఎన్నడనుకున్నారు గనక! చివరికి చీటీ వంటగదికి చేరింది. భద్రమ్మకు చదువు రాదు. ఫరీదా సోమవారం ఆరు మాత్రలు ఇస్తుంది. శనివారానికి గిన్నె ఖాళీ కావాలి. ఒక్క వారం కూడా తప్పలేదు.

హెడ్‌మాస్టరు జయరాజు వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆయమ్మా, ఈపొద్దు ఆఫీసరు వస్తాండాడు. ఆ పిల్లకు రెండు మాత్రలెయ్. గమ్మున కూర్చుంటాది."

"డాక్టరు ఒకటే రాసినాడు సార్."

"నువ్వేమన్నా డాక్టరువా? చెప్పింది చెయ్."

భద్రమ్మ గరిటె కింద పెట్టింది. "పిల్లోళ్లకు పెట్టేది ఏదైనా నా నోట్లో ఏసుకొని చూసి పెడతా సార్. ఇది నేను చూసి పెట్టేది కాదు. రాసిందానికన్నా ఎక్కువ నేను పెట్టను."

"అయితే రేపట్నుంచి రావద్దు."

పిల్ల ఒంట్లో మందు ఎక్కువైతే ఏమవుతుందో ఆ పెద్దమనిషి ఒక్క మాట అడగలేదు. అతనికి కావలసింది పిల్ల బాగుపడటం కాదు, అలికిడి లేకపోవడం. సిగ్గుండాలి.

బెల్లు కొట్టగానే షాజాదీ పరుగెత్తుకొచ్చింది. ఆ మందుకు ఆకలి చచ్చిపోతుంది. అందుకని భద్రమ్మ పక్కన కూర్చుని పప్పన్నం కలిపి, గుడ్డు చిదిపి, చివరి ముద్ద దాకా తినిపించింది. తర్వాత ఒకే ఒక్క మాత్ర వేసింది.

"నోరు తెరువు. నాలిక ఎత్తు."

పిల్ల ఎత్తి చూపించి నవ్వింది.

ఆఫీసరు రెండింటికి వచ్చాడు. మిగిలిన అన్నం రెండు గుడ్లతో తిని, పప్పు బాగుందన్నాడు. పుస్తకంలో సంతకం పెట్టి జీపెక్కాడు. నాలుగో తరగతి గడపైనా తొక్కలేదు. అయినా జయరాజు మాట వెనక్కి తీసుకోలేదు.

భద్రమ్మ గిన్నెలు తోమి బోర్లించింది. పొయ్యి అలికింది. మిగిలిన మాత్రలు కొంగున ముడేసుకుని ఫరీదా ఇంటికి పోయింది.

"నన్ను బడికి రావద్దన్నాడు సారు. మాత్రలు వాళ్ల చేతికి మాత్రం ఇయ్యద్దు. మధ్యాన్నం నువ్వే పోయి ఎయ్యి."

"మధ్యాన్నం నేను చెనక్కాయల మిల్లులో ఉంటాను కదక్కా. యాడ కుదురుతాది?"

విప్పబోయిన కొంగు ముడిని భద్రమ్మ మళ్లీ బిగించింది.

"సరేలే. నేనే పోతా."

మరునాడు మధ్యాహ్నం ఆమెను లోపలికి రానివ్వలేదు. ఎండలో గేటు బయటే నిలబడింది. షాజాదీ కమ్మీల మధ్యనుంచి నోరు తెరిచి మాత్ర మింగి, నాలుక ఎత్తి చూపించింది. ఏం తిన్నావని అడిగితే, ఆకలి కాలేదవ్వా అంది.

లోపల కొత్త వంటమనిషి పోపులపెట్టె తెరిచింది. ఏడో గిన్నె ఎందుకు ఖాళీగా ఉందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అందులో నిండుగా మెంతులు పోసింది.