రుక్మణి ఇంటికి వెళ్లే మనిషి

ముప్పై ఏళ్లు మిల్లులో దూది దుమ్ము పీల్చి, ఆయాసం వచ్చి మానేశాను. ఆ మరుసటేడు మొగుడు పోయాడు. పిల్లల్లేరు. తిట్టడానికైనా ఎదురుగా ఒక మనిషి లేకపోతే ఎంత నరకమో నాకు అప్పుడే తెలిసింది.

మా వీధి చర్చి హాలుకు గురువారం గురువారం మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ వచ్చేది. నాలాంటి వాళ్లకు పది రోజులు రోగుల్ని కనిపెట్టుకునే పని నేర్పించి, "వీరమ్మాళ్, మీ మిల్లు లైన్ ఇళ్లలోనే రుక్మణి ఉంది. రోజూ వెళ్లి మాత్ర మింగించు. కాసేపు కూర్చో" అంది. జీతం లేదు. అయినా సరేనన్నాను.

రుక్మణి గోడ వైపు తిరిగి పడుకునేది. స్నానం లేదు, మాట లేదు. కొడుకు వేలుసామి షిఫ్టుకు పోతే ఒంటరి. మధ్యాహ్నం షిఫ్టు మారే మిల్లు సంగు, అదే సైరను, కూయగానే నేను వెళ్లి, మాత్ర మింగించి, ఆమె వీపుతో కబుర్లాడేదాన్ని. రేషన్ బియ్యంలో రాళ్లు, కుళాయి కాడ పక్కింటి కాంతమ్మాళ్ రుబాబు, పోయిన నా మొగుడి గురక. నలభై రోజులు ఉలుకూ పలుకూ లేదు.

ఒకరోజు ఇటు తిరగకుండానే, "అక్కా, నీకు నోరు నొయ్యదా?" అంది.

ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది. "ఇన్నాళ్లూ వింటానే ఉండావా, దొంగమొహందానా!" అన్నాను.

ఆరు నెలలకు వంట మొదలుపెట్టింది. నేను వెళ్లేసరికి కాఫీ సిద్ధంగా ఉండేది. నాకోసం ఒకరు ఎదురుచూడటం ఎన్నేళ్లయిందో! ఆమెకు నయమైందని చెబితే ఇంకో ఇంటికి పంపుతారని, రెండు గురువారాలు డాక్టరమ్మతో "ఇంకా నీరసంగానే ఉంది" అని అబద్ధమాడాను. సిగ్గులేనిదాన్ని.

అంతలో వేలుసామికి అవినాశి ఊరి నుంచి పెళ్లి సంబంధం వచ్చింది. అతను నా గుమ్మం బయటే నిలబడ్డాడు.

"పెద్దమ్మా, తప్పుగా ఎంచొద్దు. నువ్వు వస్తా ఉంటే అక్కంబక్కం ఇండ్లోళ్లు మాది పైత్యం ఇల్లు, పిచ్చోళ్ల కొంప అంటారు. పెండ్లయ్యే దాకా..."

"ఆ తర్వాత మాత్రం రానిస్తారా? మీయమ్మ ఏమనింది?"

"అమ్మే చెప్పమనింది."

తలుపు మొహాన వేశాను. ఆ పూట అన్నం వండుకోలేదు.

ఆదివారం అవినాశి వాళ్లు వచ్చారు. సంబంధం కలుపుకునే ముందు ఇరుగుపొరుగును విచారించడం మాలో మామూలే. వాళ్లలో పెద్దావిడ సరిగ్గా నా గుమ్మంలోకే వచ్చింది.

"ఆ ఇంట్లో ఆమెకు పైత్యమంట గదా? మందిచ్చేదానికి హాలు నుంచి ఎవురో రోజూ వచ్చేదంట. సత్తియమేనా?"

ఎదురింటి గడపలో చీపురు పట్టుకుని రుక్మణి నన్నే చూస్తోంది. నా కడుపు మంట తీరడానికి 'అవును' అన్న ఒక్క మాట చాలు.

"ఎవురూ రాలేదు," అన్నాను. "ఆమెకూ నాకూ పదేండ్లుగా మాటల్లేవు. కుళాయి కాడ గొడవ. నేనే చెప్తా ఉండా, మంచి మనిషి. పగదాన్ని, నేనే మంచిదంటా ఉంటే నీకింకేం కావాల?"

పెద్దావిడ నవ్వేసింది. అక్కడికక్కడే మాట ఖాయమైంది.

పెళ్లికి లైన్‌లో ప్రతి ఇంటినీ పిలిచారు. మాటల్లేని ఇంటికి పిలుపెలా వస్తుంది? రాలేదు.