సీసం డబ్బాలో లేని చుక్క

అయినవాళ్ళకి స్కాన్ తీయకూడదని ఆస్పత్రిలోని ఆ విభాగంలో రూలేమీ లేదు. ఉండాల్సింది. ఉంటే తమ్ముడు ఆ రోజు అంత తలవంపులు తెచ్చుకునేవాడు కాదు.

పదేళ్ళుగా గామా కెమెరా దగ్గర పని. ఇంజెక్షన్ ఇచ్చి, ఇరవై నిమిషాలు ఆగి, మనిషిని బల్ల మీద పడుకోబెట్టి మెడ ఫొటో తీయడం అతనికి నీళ్ళు తాగినంత సులువు. కొద్దిగా రేడియోధార్మికత ఉన్న ఆ మందుని మెడలోని థైరాయిడ్ గ్రంథి పీల్చుకుని కెమెరా తెర మీద వెలుగుతుంది. అందులో గడ్డేదైనా ఉండి, అది కూడా మందుని బాగా పీల్చుకుని వెలిగిందా, అది క్యాన్సర్ కావడం చాలా అరుదు. పీల్చకుండా చీకటి మచ్చలా మిగిలితే మాత్రం గడ్డలోంచి కణాలు తీసి చూసే సూది పరీక్ష సంగతి ఆలోచించాలి.

ఈసారి బల్ల మీద ఉన్నది అక్క. అమ్మ పోయాక కుట్టుమిషన్ తొక్కి అతన్ని పెంచిన మనిషి. పది రోజుల కిందట కొలతలివ్వడానికి వచ్చినావిడ ఎవరో "మెడ దగ్గర అదేంటమ్మా?" అన్నప్పటినుంచి ఆమె కంటికి కునుకు లేదు.

"ఏదైనా సరే, ముందు నువ్వే చెప్పాలిరా. డాక్టర్లు చెప్తే నాకు సగం అర్థం కాదు, మిగతా సగం భయమేస్తుంది."

"మాట్లాడకక్కా, మెడ కదులుతుంది."

గడ్డ ఎక్కడుందో ఫొటోలో తెలియడానికి దాని మీద చొక్కా గుండీ అంత చుక్క ఒకటి టేపుతో అంటిస్తారు. అందులోనూ కాస్త మందుంటుంది కాబట్టి అదీ వెలుగుతుంది. చుక్కతో ఒక ఫొటో, చుక్క తీసేసి ఇంకోటి. వేలసార్లు చేసిన పనే. కానీ అక్క మెడలో ఆ గడ్డ వేళ్ళకి గట్టిగా తగిలేసరికి అతని బుర్ర పనిచేయడం మానేసింది.

రెండో ఫొటోలో గడ్డ ఉన్నచోట దీపంలా వెలుగు.

"అక్కా, వెలిగింది! ఏం లేదు, హాయిగా ఇంటికెళ్ళు!" అని అరిచాడు. ఫలితం డాక్టరమ్మే చెప్పాలన్న రూలు మాత్రం గోడ మీద పెద్దక్షరాలతో ఉంది. అక్క కళ్ళు తుడుచుకుంటూ, కాలర్ సర్దుకుంటూ హాల్లోకి వెళ్ళింది.

డాక్టరమ్మ వచ్చి తెర చూసింది. "బాగుందే. సూది అక్కర్లేదని రాసేస్తా."

సామాన్లు సర్దుతూ, చుక్కని దాచే సీసం డబ్బా మూత తీశాడు. అది ఉండాల్సిన గుంట ఖాళీ.

చుక్క ఇంకా అక్క మెడ మీదే ఉంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. నోరు మూసుకుంటే అక్క సంతోషంగా ఉంటుంది, తన పరువూ నిలుస్తుంది. గడ్డ మాత్రం మెడలోనే ఉంటుంది. డాక్టరమ్మ పెన్ను తీసింది.

"రాయకండి మేడం. చుక్క తీయలేదు నేను."

ఆమె పెన్ను కింద పెట్టింది. "మీ అక్కకి ఏమైనా చెప్పావా?"

"ఏం లేదని చెప్పేశాను మేడం."

"అయితే వెళ్ళి నువ్వే పిలుచుకురా."

హాల్లో అక్క ఫోన్‌లో కూతురితో మాట్లాడుతోంది. "ఏం లేదటే! మీ మామయ్యే స్వయంగా చూశాడు!" తమ్ముడి మొహం చూడగానే ఫోన్ పెట్టేసింది. అతను ఆమె కాలర్ పక్కకి జరిపి టేపు ఊడదీశాడు.

"వెలిగింది ఇదక్కా. తీయడం మర్చిపోయాను."

తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుడతాం కదా," అంది లేచి నిలబడి. "పద."

మూడో ఫొటోలో సరిగ్గా గడ్డ ఉన్నచోటే చీకటి మచ్చ. డాక్టరమ్మ చూసి, నువ్వే చెప్పమన్నట్టు అతని వైపు తలూపింది.

"చెప్పు," అంది అక్క.

"సూది పరీక్ష చేయాలక్కా. ఇలాంటివాటిలో చాలామటుకు ఏమీ ఉండదు. కానీ నీకేం లేదని ఇప్పుడు చెప్పలేను."

"ముప్పై ఏళ్ళుగా సూదితోనే బతుకుతున్నా, నాకా భయం?" అని నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. అతని చొక్కా అంచు గుప్పిట్లో పట్టుకుంది. చిన్నప్పుడు బడి గుమ్మం దగ్గర అతను ఆమెని అలాగే పట్టుకుని ఏడ్చేవాడు. బల్ల దిగి సూది గదికి నడిచేదాకా ఆమె వదల్లేదు.