మెట్లు తుడిచిన శనివారం

సిల్కె వంటింట్లో నిలబడి ఆ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివింది. ఫోల్కర్ మీద కేసు మూసేస్తున్నామని ప్రాసిక్యూటర్ ఆఫీసు రాసింది. తగిన సాక్ష్యం లేదట. శుక్రవారం పాటల బృందం సాధన అయ్యాక ఇంటిదాకా దిగబెడతానని వచ్చి, వద్దు వద్దంటున్నా వినకుండా బలాత్కారం చేసిన మనిషి మీద సాక్ష్యం లేదట! పైగా, మర్నాడు పొద్దున ఫిర్యాదీ ఎప్పటిలాగే మెట్లు తుడిచి, పొరుగావిడను పలకరించిందని కూడా రాశారు.

తుడిచింది. ఎందుకు తుడవదు? ఆ వారం వంతు ఆమెది. జర్మనీలో, స్టుట్‌గార్ట్ పక్కన ఆ ఊళ్ళో వారానికొక ఇంటివాళ్ళు మెట్లు తుడవాలి; ఎవరి వంతో చెప్పే వంతు పలక గుమ్మానికి వేలాడుతుంటే ఇంట్లో ఏం జరిగినా సరే, శనివారం మెట్లు తుడవాల్సిందే. బుర్ర పనిచేయనప్పుడు చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆ చేతులే ఇప్పుడు కొంప ముంచాయి.

అభ్యంతరం చెప్పుకోవడానికి గడువు రెండు వారాలు. కొత్త సాక్ష్యం ఉంటే తప్ప లాభం లేదని లాయరమ్మ తేల్చేసింది. సిల్కె కింది అంతస్తుకు దిగి ఐసెలె గారి తలుపు కొట్టింది. మెట్లు తుడిచిన సంగతి పోలీసులకు చెప్పిన పొరుగావిడ ఆవిడే.

"రండి రండి సిల్కె గారూ! ప్లమ్ కేకు ఇప్పుడే దించాను."

"కేకు వద్దండీ. ఆ రోజు నేనెలా ఉన్నానో చెప్పండి."

"మెట్లు అద్దంలా తుడిచారు. అదే చెప్పాను. పద్ధతిగల మనిషని తెలిస్తే మీకే మంచిదనుకున్నా."

"అంతేనా మీరు చూసింది?"

ఐసెలె చేతులు ఏప్రన్‌కు తుడుచుకుంది. "మూడో మెట్టునే అరగంట తుడిచారు. కాళ్ళకు చెప్పుల్లేవు. కడ్డీ పట్టుకుంటే గానీ లేవలేకపోయారు."

సిల్కెకు ప్రాణం లేచొచ్చింది. "మరి ఇది చెప్పలేదేం?"

"వాళ్ళడిగితేగా! తుడిచిందా అన్నారు, తుడిచిందన్నాను."

"ఇప్పుడు రాసి సంతకం పెట్టండి. మీ మేలు మరచిపోను."

"అయ్యో తల్లీ, పోలీసుల దగ్గర ఒకసారి సంతకం పెట్టాక ఇప్పుడు మాట మారిస్తే నన్నేమంటారు? ఫోల్కర్ వాళ్ళమ్మా నేనూ ముప్పై ఏళ్ళుగా ఒకే బల్ల దగ్గర కాఫీ తాగుతున్నాం. ఈ వయసులో నాకెందుకమ్మా?" అంటూనే కేకు ముక్క పొట్లం కట్టింది.

"ఆలోచించండి. పన్నెండో తారీఖు దాకా టైముంది," అని బతిమాలి సిల్కె పైకి వచ్చేసింది.

రోజూ పని నుంచి రాగానే పోస్టుడబ్బా తెరిచేది. కరెంటు బిల్లు, కొట్టు కరపత్రాలు. పన్నెండో తారీఖు, సోమవారం సాయంత్రం, మెట్లెక్కుతుంటే తన తలుపుకు ఏదో వేలాడుతూ కనిపించింది. ఆ మహాతల్లి రాసే ఇచ్చిందనుకుని రెండేసి మెట్లు ఎక్కింది.

వంతు పలక. ఈ వారం ఆమెది.

గడువు దాటిపోయింది. శనివారం బకెట్టు, గుడ్డ పట్టుకుని దిగింది. తుడిస్తే చూశారా, ఏమీ కాలేదంటారు. తుడవకపోతే ఇప్పుడెందుకీ నాటకమంటారు. బకెట్టులో వేన్నీళ్ళు చల్లారిపోయేదాకా మూడో మెట్టు మీదే కూర్చుంది. కింద ఐసెలె తలుపు సందుగా తెరుచుకుని, మళ్ళీ మూసుకుంది.