అద్దంలో చూసిన నైన్త్ కార్డు

దర్జీకి తోడల్లుడంటే పీకల దాకా ఏడుపు. పైకి మాత్రం "రా తమ్ముడూ, కూర్చో" అని నవ్వేవాడు. ఆ తోడల్లుడు, అంటే పెళ్లాం చెల్లెలి మొగుడు, కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాడు. గిటారు పట్టి నిండా ఎనిమిది నెలలు కాలేదు, ఐదు తీగలు ఒకేసారి నొక్కి మోగించే కష్టమైన డామినెంట్ నైన్త్ కార్డుని అప్పుడే అలవోకగా పలికిస్తున్నాడు. మన దర్జీ పదకొండేళ్లుగా వాయిస్తూ మామూలు కార్డుల దగ్గరే ఉండిపోయాడు. మరి ఒళ్లు మండదూ?

పైగా క్లబ్బులో శనివారం సాయంత్రాలు పాడే బృందంలో గిటారు కుర్చీ ఖాళీ అయింది. ఉన్నది ఒకే ఒక్క కుర్చీ! డ్రమ్ముల్లేని చిన్న బృందం అది: ఫ్లూటు, వయొలిన్, పాడే ఆవిడ, గిటారు, అంతే. నైన్త్ కార్డులు శుభ్రంగా వేసేవాళ్లకే ఆ కుర్చీ అని ఫ్లూటాయన తేల్చేశాడు. ఆదివారం పరీక్ష.

"మా చెల్లెలి ఆయన్ని అడగొచ్చుగా? ఐదు నిమిషాల్లో చూపిస్తాడు," అంది దర్జీ భార్య.

"వాడి దగ్గరా? నేనా? దానికంటే గిటారు అటకెక్కిస్తా."

అడగడు సరే, దొంగచూపులకు లోటేముంది? తోడల్లుడు రోజూ భోజనాల వేళ గిటారుతో దర్జీ కొట్టుకి వచ్చి, నిలువుటద్దానికి ఎదురుగా స్టూలేసుకుని సాధన చేసేవాడు. అందగాడు మరి, తన సోకు తాను చూసుకోవద్దూ అని దర్జీ పళ్లు నూరేవాడు. వెనక మిషను తొక్కుతూనే, అద్దంలో ఆ ఎడమచెయ్యి చూసి అట్టకాగితం మీద సుద్దతో గీశాడు. నడిమి వేలు ఐదో తీగ మీద, చూపుడు వేలు నాలుగో తీగ మీద, ఉంగరం వేలు కింది మూడు తీగల మీదా పడుకోబెట్టాలి. అద్దంలో కుడిఎడమలు మారతాయని దర్జీకి ఒకరు చెప్పాలా? బొమ్మలో గిటారు మెడ మీది మెట్లని ముందువి వెనక్కి, వెనకవి ముందుకి తెలివిగా తిరగేసి మరీ గీశాడు.

వారం రోజులు కుస్తీ పట్టాడు. వేళ్లు ఒకదాని మీదొకటి ఎక్కాయి, మణికట్టు వాచింది. వచ్చిన మోత చెవికి పుల్లగా తగిలింది. పెద్ద కార్డు కదా, అలాగే ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాడు.

ఆదివారం ముందు దర్జీనే పిలిచారు. కార్డు వేశాడు. వయొలిన్ ఆయన ముఖం చిట్లించాడు. పాడే ఆవిడ మూతికి రుమాలు అడ్డం పెట్టుకుంది. తోడల్లుడు ఒక్క ఉదుటున లేచొచ్చాడు.

"అన్నయ్యా, చూపుడు వేలు ముందుకి పోయిందేంటి? అది వెనక మెట్టులో కదా ఉండాలి!" అంటూ తనే ఆ వేలు పట్టుకుని వెనక్కి జరిపాడు. "ఇప్పుడు మీటండి."

మీటాడు. గది నిండా పలికింది. అద్దంలో బొమ్మని తిరగేయకుండా ఉన్నదున్నట్టు గీసుంటే సరిపోయేదన్నమాట! ఛీ, వీడి చేతి చలవతోనా పలకాలి అని దర్జీ సిగ్గుతో చచ్చిపోయాడు. ఫ్లూటాయన "తర్వాత ఎవరు?" అన్నాడు.

తోడల్లుడు గిటారు అందుకుని దర్జీ వైపు వంగాడు. "అన్నయ్యా, మీ కాలు కాస్త కనబడేలా పెట్టండి. వేళ్లు ఆడతాయి కానీ నాకు తాళం నిలవదు. అద్దంలో మీ మిషను కాలు చూసే ఇన్నాళ్లూ వాయించాను."

దర్జీ కాలు గభాల్న కుర్చీ కిందికి లాక్కున్నాడు. చావనీ వెధవని!

నాలుగు కార్డుల దాకా బాగానే ఉంది. ఐదోది పరుగెత్తింది, ఆరోది తడబడింది. తోడల్లుడి కళ్లు నేల మీద ఆ కాలి కోసం వెతుకుతున్నాయి. ఫ్లూటాయన పెదవి విరిచాడు. ఇంకొక్క తప్పు చాలు, కుర్చీ దర్జీదే. కానీ పాతికేళ్లు మిషను తొక్కిన కాలు అది, పక్కన తాళం తప్పుతుంటే ఊరుకోలేకపోయింది. దర్జీ తనని తానే తిట్టుకుంటూ కాలు ముందుకు చాపి నేల మీద తట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నైన్త్ కార్డులు వరసలో పడ్డాయి.

కుర్చీ తోడల్లుడికే దక్కింది. ఇప్పుడు ప్రతి శనివారం ముందు వరుసలో, వేదిక మీది నుంచి కాలు కనబడే చోట, దర్జీకి ఒక సీటు అట్టిపెడతారు. లోపల కుళ్లి చస్తూనే వెళ్లి కూర్చుంటాడు. ఇంతవరకూ ఒక్క శనివారం మానలేదు.