సీనియారిటీ పోగొట్టుకున్న లిడియా

తిరువూరు బస్టాండు ఎదురుగా గురుచరణ్ నెట్ సెంటర్ పెట్టిన కొత్తలో, ఉద్యోగాల వెబ్‌సైట్‌లో పేరెక్కించుకోని డిగ్రీవాడు ఊళ్ళో లేడంటే నమ్మండి. విస్సన్నపేట నుంచీ పెనుగొలను నుంచీ కూడా షేర్ ఆటోల్లో దిగి, ఫైళ్ళు చంకన పెట్టుకుని బారులు తీరేవారు. తీరా పేరెక్కించుకున్నాక మళ్ళీ ఆ గుమ్మం తొక్కేవారు కాదు. ఇంటికెళ్ళి పోస్టుమాన్ కోసం కాచుకునేవారు.

అదేం విడ్డూరమని నవ్వకండి. ఉద్యోగానికి పేరు రాయించుకోవడమంటే మనవాళ్ళు ఎరిగిన పద్ధతి ఒక్కటే, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి. అక్కడ ముందు రాయించుకున్నవాడికి ముందు పిలుపు. కార్డు రెన్యువల్ మరిచిపోయినా, మళ్ళీ కొత్తగా రాయించుకున్నా అంతవరకూ ఉన్న సీనియారిటీ గంగలో కలిసినట్టే. కంప్యూటర్లోనూ అదే రూలని ఊరంతా నమ్మింది. పాపం గురుచరణూ నమ్మాడు. 'ఒకసారి ఎక్కించిన రెజ్యూమే మళ్ళీ కదపబడదు' అని గోడకి కాయితం కూడా అంటించాడు.

ఈ నమ్మకానికి ఊళ్ళో పెద్ద దిక్కు శాంతయ్య. మండలాఫీసులో జూనియర్ అసిస్టెంటు. కార్డు తీసుకున్నాక పెళ్ళయి, పిల్లలు పుట్టి, నడినెత్తిన జుట్టు పలచబడ్డాక ఆయనకి కాల్ లెటర్ వచ్చింది. ఆ ఓపికే తన ఇంటికి అన్నం పెట్టిందని ఆయన గట్టి అభిప్రాయం. అందుకే బీఎస్సీ పాసై రెండేళ్ళుగా ఇంట్లో ఉన్న కూతురు లిడియాతో, "నీ వంతు నీకొస్తదే అమ్మా" అంటూ ఉండేవాడు.

లిడియాకి ఆ వంతు మీద ఆశ ఎప్పుడో చచ్చిపోయింది. జూన్‌లో బడులు తెరిచేలోగా ఉద్యోగం రాకపోతే, విస్సన్నపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరుస్తానని తండ్రి ఆ స్కూలువాళ్ళకి మాటిచ్చేశాడు. పాఠాలు చెప్పడం తక్కువ పనేమీ కాదు. కానీ అది తన పని కాదని ఆమెకి తెలుసు. ఆమెకి పెద్ద ఊరు కావాలి, ఆఫీసు కావాలి, రోజుకి పదిమంది కొత్తవాళ్ళతో మాట్లాడే పని కావాలి. ఉన్న గడువు ఈ వేసవి ఒక్కటే.

సరిగ్గా అప్పుడే పక్కింటి జ్ఞానమణి ఇంట్లో ఫోను తీయించేసి సెల్ కొనుక్కుంది. లిడియా రెజ్యూమేలో ఇచ్చింది ఆ ఇంటి నంబరే. ఊళ్ళో సగం మంది అలా పక్కింటి ఫోను మీద బతికేవాళ్ళే. నంబరు మార్చి జ్ఞానమణి సెల్ నంబరు పెట్టాలంది లిడియా.

"ముట్టుకున్నావంటే రెండేళ్ళ సీనియారిటీ పోద్ది," అన్నాడు శాంతయ్య అన్నం కలుపుకుంటూ.

"మోగని ఫోనుకి సీనియారిటీ ఉంటే ఎంత, ఊడితే ఎంత నాన్నా?"

"ఆ నోరే తగ్గించుకోమనేది!"

మర్నాడు ఇంట్లో చెప్పకుండా వెళ్ళింది. గురుచరణ్ గోడ మీద కాయితం చూపించాడు. "బాగా ఆలోచించుకోండి లిడియాగారూ. తర్వాత నన్నంటే ఏం లాభం లేదు." ఆమె ఆ కాయితాన్ని ఇంకోసారి చదివింది. అయినా నంబరు మార్చి, బటన్ నొక్కేసింది. బయటికొచ్చి బస్టాండు బల్ల మీద కూర్చుంటే ఏడుపు ముంచుకొచ్చింది.

ఆ మర్నాడే జ్ఞానమణి సెల్ మోగింది. బెజవాడ నుంచి ఎవరో మందుల కంపెనీవాళ్ళు. అనుభవం లేదనగానే పెట్టేశారు. సాయంత్రం హైదరాబాదు నుంచి ఇంకొకరు. రెండేళ్ళలో ఒక్క పిలుపు రాని పిల్లకి ఒక్కరోజులో రెండు! వారం తిరిగేసరికి మళ్ళీ నిశ్శబ్దం. లిడియాకి కిటుకు పట్టుబడింది. ఈ సైటుకి పాతవాళ్ళంటే ఏ గౌరవమూ లేదు. నిన్నా మొన్నా ఎవరు కదిపితే వాళ్ళ పేరే పైన చూపిస్తోంది!

ఇక ఆగుతుందా? రోజూ గురుచరణ్ షట్టరెత్తేసరికి గుమ్మంలో నిలబడి ఉండేది. ఒకరోజు ఒక వాక్యం దిద్దేది, ఇంకోరోజు ఒక మాట చేర్చేది. సంగతి తెలిసి శాంతయ్య ఇల్లు పీకి పందిరేశాడు. నా కూతురు తన గొయ్యి తనే తవ్వుకుంటోందని ఆఫీసులో చెప్పుకుని బాధపడ్డాడు. లిడియా మాత్రం మానలేదు. బెదురు లేకపోలేదు, కానీ మొండితనం దాన్ని మించిపోయింది.

మే నెలాఖరున జ్ఞానమణి సెల్ పట్టుకుని పరుగున వచ్చింది. హైదరాబాదు నుంచి సుధామయి అట, కంపెనీలకి మనుషుల్ని వెతికిపెట్టే కన్సల్టెన్సీ నడుపుతోందట.

"రోజూ పొద్దున్న సైటు తెరిస్తే మీ పేరే పైన కనిపిస్తోందండీ. ఏంటి కథ?"

లిడియా ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"ఇదంతా ఎవరు నేర్పారు మీకు?"

"ఎవరూ నేర్పలేదండీ. మా ఊళ్ళో అందరూ ముట్టుకోకూడదంటారు. నేను ముట్టుకున్నాను."

అవతల పెద్ద నవ్వు. "నాకు అలాంటి మనిషే కావాలి. సోమవారం ఇంటర్వ్యూకి రండి."

శాంతయ్య సెలవు పెట్టి వెంట వెళ్ళాడు. లోపలికెళ్ళిన కూతురు అపాయింట్‌మెంట్ ఆర్డరుతో బయటికొచ్చింది. ఆయన దాన్ని మళ్ళీ మళ్ళీ చదివాడు, కళ్ళు తుడుచుకున్నాడు.

"నన్ను ఆగమన్నారు, ఆగాను. నిన్నూ ఆగమన్నాను. నా మాట వినకపోవడమే మంచిదైంది తల్లీ."

జూన్‌లో బడులు తెరిచేనాటికి లిడియా హైదరాబాదులో, సుధామయి ఆఫీసులో తన సీట్లో ఉంది. కొత్తగా పెట్టిన కాల్ సెంటరువాళ్ళు తమకి మనుషులు కావాలన్నారు. మిగతావాళ్ళంతా పైనున్న పేర్లు పట్టుకున్నారు. ఆమె తిరువూరు అని కొట్టి, తిన్నగా చిట్టచివరి పేజీకి పోయింది. తన ఊరివాళ్ళంతా అక్కడే, అట్టడుగున, ఎవరూ కదపకుండా భద్రంగా ఉన్నారు. నవీన్ కుమార్ అని ఒక పేరు కనిపించింది. ఇచ్చిన నంబరు ఊళ్ళో రావమ్మ కిరాణా కొట్టుది.

"ఉండమ్మా, పిలుస్తాను," అంది ఫోనెత్తిన రావమ్మ. కాసేపటికి ఆయాసపడుతూ ఒక గొంతు, "హలో, ఎవరండీ?"

"నవీన్ కుమార్ గారా? హైదరాబాదు నుంచి లిడియానండీ. ఉద్యోగం గురించి మాట్లాడాలి."

అంతే. అవతల కొట్టు అదిరేలా కేక వినబడింది.

"ఒరేయ్! పిలుపొచ్చింది రోయ్!"

ఆఫీసంతా తలలు తిప్పి చూసేలా లిడియా పగలబడి నవ్వింది. అతనికి వివరాలన్నీ చెప్పి, ఫోను పెట్టి, తర్వాతి నంబరు నొక్కింది.