పైవీధి ఇరవయ్యో ఇల్లు

పెళ్లయి నలభై రోజులైంది. పొద్దున్నే వేడి రొట్టె మీద మీగడ రాసుకుని తినడం, మా ఆయన తిలెక్ వెనకనుంచి నా తలగుడ్డ ముడి లాగేసి ఏమీ ఎరగనట్టు గుర్రానికి మేత వేయడం, అన్నీ నాకు పండగే. పైవీధిలో నాకు నచ్చనిది ఒక్కటే, నీళ్లు. కాలువలో గొర్రెలు దిగి తాగాక మేం బకెట్లు ముంచాలి.

కిందివీధికి మూడేళ్ల కిందటే కుళాయిలు వచ్చాయి. ఊరి పెద్ద సుయున్‌బెక్ ఇల్లు అక్కడే, ఆయనకు ఓట్లేసినవాళ్ల ఇళ్లూ అక్కడే. ఈ ఏడు జిల్లా నుంచి ఇంకో వీధికి సరిపడా పైపులు మంజూరయ్యాయి. వాటితో కిందివీధిలో ప్రతి పెరట్లోకీ కుళాయి లాగించాలని ఆయన ఆలోచన. నరిన్ పట్నంలో పరిపాలన శాస్త్రం చదివి వచ్చినదాన్ని, ఊరుకుంటానా? అర్జీ రాశాను. ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించాను. అర్జీదారు అన్నచోట గర్వంగా నా పేరే రాసి ఇచ్చేశాను.

ఆ సాయంత్రం తిలెక్ అర్జీ రసీదు చూసి పడీపడీ నవ్వాడు.

"ఊరి మండలి ముందు అర్జీదారే సంతకాలు పెట్టినవాళ్ల పేర్లన్నీ పైకి చదవాలి, తెలుసా?"

"తెలుసు. దొంగ సంతకాలు రాకుండా పెట్టిన నియమం. మంచిదేగా."

"మరి మా నాన్న పేరెలా చదువుతావు, మహాతల్లీ?"

పైవీధంతా ఒకే తాత సంతానం. కోడలు మామ పేరు గానీ, ఆయన అన్నదమ్ముల పేర్లు గానీ పలకదు. తానే ఏదో పిలుపు కట్టుకుని పిలుస్తుంది. కాలేజీలో మొదటి స్థానం తెచ్చుకున్నదాన్ని, అర్జీ రాసేటప్పుడు నేనో కోడలినన్న సంగతే మరిచాను! మార్చి ఇద్దామంటే గడువు దాటిపోయింది. పలికేస్తే ఆకాశం విరిగి మీద పడదు. కానీ ఆ ముసలివాళ్ల ముఖాలు చూస్తూ పలకడానికి నాకే మనసొప్పలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పైవీధి ముప్పై ఇళ్లలో కనీసం ఇరవై ఇళ్లవాళ్లు సభలో ఉంటేనే అర్జీ చెల్లుతుంది. పది ఇళ్లవాళ్లు మందలతో కొండ మీది పచ్చికబయళ్లకు వెళ్లిపోయారు. మిగిలినవి సరిగ్గా ఇరవై. ఇరవయ్యోది మాది. మా మామయ్యేమో సుయున్‌బెక్ కార్యాలయం బండి నడుపుతారు. కాగితం మీద సంతకం పెట్టడం వేరు, యజమాని ఎదుట లేచి నిలబడడం వేరు.

సభ రోజున హాలు నిండిపోయింది. మామయ్య తలుపు పక్కన గోడకానుకుని కూర్చున్నారు. నేను లేచి కాగితం విప్పాను.

"మొదటి ఇల్లు, తెల్లగుర్రం పెద్దమామయ్య."

హాలంతా నవ్వింది. సుయున్‌బెక్ కూడా తీరిగ్గా నవ్వాడు. "తెల్లగుర్రం అనే మనిషి ఈ ఊళ్లో లేడమ్మా. కొట్టేయవోయ్ గుమాస్తా."

"ఆగవోయ్!" తెల్లగుర్రం పెద్దమామయ్య కర్ర ఊతంగా లేచాడు. "మాంబెత్ కొడుకు ఒస్మాన్‌ని. కోడలు పిల్ల నా పేరు పలకలేదు సరే, నీకేమైంది? నా పెళ్లిలో మూడు రోజులు తిన్నావు, పేరు మరిచావా?"

"రాయవోయ్," అన్నాడు సుయున్‌బెక్ గొణుగుతూ.

"రెండో ఇల్లు, పొగాకు మామయ్య."

"కుబాత్‌ని! నాలుగేళ్లుగా నా మనవలకు కడుపునొప్పి. అది కూడా రాసుకో!"

ఆ తర్వాత నా పని తేలికైపోయింది. నేను పిలుపు అందించడం, వాళ్లు లేచి పేరు చెప్పడం. పేరుతో ఎవరూ ఆగలేదు. ఒకాయన నడుమునొప్పి చెప్పాడు, ఒకాయన కాలువలో దొరికిన చచ్చిన గొర్రె సంగతి చెప్పాడు. నేనొక్కదాన్నే చదివి ఉంటే రెండు నిమిషాల్లో అయిపోయేది. ఇప్పుడు గంట పట్టింది. మండలి సభ్యుల్లో ఒక్కరూ కదల్లేదు.

పంతొమ్మిది అయ్యాయి.

"ఇరవయ్యో ఇల్లు... మా ఇంటి పెద్ద."

మామయ్య లేవలేదు. సుయున్‌బెక్ ఆయన వైపే చూస్తున్నాడు. తిలెక్ తల దించుకున్నాడు. అప్పుడు మామయ్య మెల్లగా లేచి టోపీ సరిచేసుకున్నారు.

"తుర్గున్. ఇరవయ్యో ఇల్లు. పన్నెండేళ్లుగా నీ బండి నడుపుతున్నాను సుయున్‌బెక్, మూడేళ్లుగా దాన్ని కిందివీధి కుళాయి నీళ్లతో కడుగుతున్నాను. మా ఇంట్లో టీ మాత్రం కాలువ నీళ్లతోనే."

సుయున్‌బెక్ హాలంతా ఒకసారి పరికించాడు. ఎన్నికలు శరదృతువులో. లేచినవాళ్లు ఇరవై మంది, ఒక్కో ఇంట్లో నాలుగైదు ఓట్లు. ఆయన చదువు నా చదువంత పెద్దది కాదు, లెక్కలో మాత్రం నాకంటే చురుకు.

"పైవీధికి అనుకూలంగా ఉన్నవాళ్లు చెయ్యెత్తండి," అన్నాడు. మండలిలోని ఏడుగురిలో అయిదు చేతులు లేచాయి. మూడోది ఆయనదే.

మామయ్య ఆయన దగ్గరికి వెళ్లారు. "రేపు బండికి రమ్మంటావా, వద్దంటావా?"

"ఎందుకు రావూ! ఆరింటికల్లా వచ్చెయ్. జిల్లా గిడ్డంగి నుంచి మీ వీధి పైపులు తేవద్దూ?" అని, నా వైపు తిరిగి, "కోడలమ్మా, అర్జీదారువి గనక అవి అందినట్టు సంతకం పెట్టేది నువ్వే. ఈసారైనా ఆలోచించి పెట్టు!" అన్నాడు.