అదే ఇంట్లో ఉంటారా మేడమ్?

పొద్దున్నే కొట్టు తెరిచి, బల్ల మీద దుప్పటి పరిచి, బట్టల మీద నీళ్లు చిలకరించాక ఇస్త్రీ అక్క కాసేపు నిలబడి కోపం తెచ్చుకునేది. ఆమె దగ్గర బొగ్గులు లేవు, కరెంటు ఇస్త్రీపెట్టె లేదు. కోపమొస్తే అరచేతులు కాలతాయి, ఆ చేతులతోనే ముడతలు సాపు చేస్తుంది. వాళ్లమ్మకీ అంతే. సన్నబట్టలకు చిరాకు సరిపోతుంది, చొక్కాలకు ఓ మోస్తరు కోపం కావాలి. జీన్స్ ప్యాంట్లు తెచ్చేవాళ్లు మూట అందిస్తూ, "అక్కా, నిన్న మా ఆఫీసులో ఏం జరిగిందో తెలుసా!" అని ఏదో ఒక అన్యాయం కూడా చెప్పిపోయేవారు. దళసరి తెరలు వచ్చినప్పుడు మాత్రం ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. ఆ రోజు ఆమె చెల్లెలి మొగుణ్ణి తలుచుకునేది.

వాడు మందుల కంపెనీలో అమ్మకాల మనిషి. మాట తేనె, మనసు చేదు. దొంగల భయమంటూ పెళ్లాన్ని లోపల పెట్టి బయట తాళం వేసుకుపోతాడు. నేనుండగా నీకెందుకని ఫోను లాక్కున్నాడు. టీవీ ఒక్కటే ఉంచాడు, అది ఎవరికీ ఏమీ చెప్పలేదని. సినిమాల యాప్‌కు డబ్బు కట్టడం దండగనుకుని, "వదినా, మీ పాస్‌వర్డ్ చెప్పండి, మనమంతా ఒక కుటుంబమేగా" అని అడిగి మరీ తీసుకున్నాడు.

అక్కాచెల్లెళ్లకు ఆ యాప్ ఒక్కటే మిగిలింది. చిన్నప్పుడు ఇద్దరూ పడీపడీ నవ్వుకున్న పాత సినిమా ఒకటి అందులో ఉంది. వాడు పనికి వెళ్లగానే చెల్లెలు దాన్ని కాస్త నడిపి ఆపేస్తుంది. ఇక్కడ కొట్లో అక్క ఫోను తీస్తే, ఆ సినిమా బొమ్మ కింద ఎర్రగీత కొంచెం ముందుకు జరిగి ఉంటుంది. జరిగిందంటే చెల్లెలు లేచి తిరుగుతోందన్నమాట. అది చూశాకే అక్క అన్నం ముందు కూర్చునేది.

ఒకరోజు గీత జరగలేదు. దాని బదులు కంపెనీవాళ్ల సందేశం వచ్చింది: ఒక ఖాతా ఒకే ఇంట్లో ఉండేవాళ్లకు మాత్రమే, మీ ఇంట్లో లేని టీవీని ఆపేశాం అని.

వీధిలో అందరికీ ఆ సందేశమే వచ్చింది. క్షవరం చేసే అతను బూతులు తిట్టి యాప్ పీకేశాడు. టీచరమ్మ కూడా తిట్టింది గానీ, తిడుతూనే అదనపు సొమ్ము కట్టేసింది. అద్దెకుండే కుర్రాళ్లు టీవీని చంకనెత్తుకుని స్నేహితుల గదుల చుట్టూ తిరగడం మొదలెట్టారు. వాళ్లకు పోయింది సినిమాలే. అక్క ఒక చేత్తో చొక్కా సాపు చేస్తూ రెండో చేత్తో కంపెనీకి ఫోన్ చేసింది.

"ఆ టీవీ ఎవరిది మేడమ్?" అడిగింది అవతలి అమ్మాయి.

"మా చెల్లెలిది."

"ఆవిడ మీ ఇంట్లోనే ఉంటారా?"

"వేరే ఊళ్లో ఉంటుంది. నా తోడబుట్టింది."

"అర్థమైంది మేడమ్. కానీ మా లెక్కలో కుటుంబమంటే ఒకే ఇంట్లో ఉండేవాళ్లే."

"నువ్వు మీ అక్కతో ఒకే ఇంట్లో ఉంటావా?"

"సారీ మేడమ్. అదనపు సభ్యురాలిగా చేర్చొచ్చు. ఆవిడ ఫోనుకు కోడ్ వస్తుంది."

"దానికి ఫోను లేదమ్మా."

"పోనీ, ఆ ఇంట్లో ఇంకెవరిదైనా..."

"ఆ ఇంట్లో ఇంకెవరున్నారో తెలిస్తే ఆ మాట అనవు."

"సారీ మేడమ్. ఆవిడ మీ ఇంట్లో ఉంటే మాత్రం ఏ ఇబ్బందీ లేదు. అదే ఇంట్లో ఉంటారా మేడమ్?"

చెయ్యి కింద చొక్కా చురచుర కాలి, అరచేయంత చిల్లు పడింది. ఇన్నేళ్లలో ఆమె ఒక్క గుడ్డ కూడా కాల్చలేదు. మొదట కంపెనీ మీద మండిపడింది, తర్వాత చెల్లెలి మొగుడి మీద. ఆ రెండూ ఆమెకు అలవాటైన కోపాలే. ఆ వెనకే ఇంకోటి వచ్చింది. ఒక్కసారి వాళ్లింటికి వెళ్తే వాడు గుమ్మానికి అడ్డంగా నిలబడి, నవ్వుతూ, "నిద్రపోతోంది వదినా" అన్నాడు. చెల్లెలి సంసారం చెడగొట్టిందంటారని నోరు మూసుకుని తిరిగొచ్చింది తను. అప్పట్నుంచీ బొమ్మ కింద గీత కదిలితే చాలనుకుని మూడు పూటలా తిన్నది కూడా తనే. సిగ్గులేని బతుకు!

"ఉండదు," అంది ఫోనులో. "ఉండాల్సింది. ఆ తప్పు నాదే." పెట్టేసింది.

చొక్కా కోసం వచ్చి ఆ ఫోను మాటలు విన్న బ్యాంకు గుమాస్తా చిల్లు చూసి, "పోన్లే అక్కా, చెల్లెలి దగ్గరికి వెళ్లిరా, కొట్టు నేను మూసేస్తాను" అన్నాడు.

బస్సులో పక్కసీటావిడ చెమట తుడుచుకుని, కిటికీ తెరిచి, కాస్త అవతలికి జరిగి కూర్చుంది. కండక్టరు టికెట్టును అక్క చేతికివ్వకుండా ఒళ్లో పెట్టాడు.

చెల్లెలి ఇంటికి ఎప్పటిలాగే పెద్ద తాళం వేలాడుతోంది. అక్క తలుపు కొట్టలేదు, పిలవలేదు. తాళాన్ని గుప్పిట్లోకి తీసుకుని పట్టుకుంది. ఎదురింటావిడ బట్టలు ఆరేస్తూ చూసి, "అది గట్టి తాళమమ్మా, కాస్త సేపు పడుతుంది" అంది. పట్టింది. ఇనుము ఎర్రబడి, మెత్తబడి, వేళ్ల సందుల్లోంచి జారి మెట్టు మీద పడి చల్లారింది.

తలుపు వెనకాల చెల్లెలు నిలబడి ఉంది. బాగా చిక్కిపోయింది. చెంప మీద కమిలిన మచ్చ ఉంది. కూలిపడి ఏడుస్తుందనుకుంది అక్క. చెల్లెలు ఏడవలేదు. కరిగిన తాళం వంకా అక్క చేతుల వంకా చూసింది.

"ఇన్నాళ్లు పట్టిందా నీకు కోపం రావడానికి?" అంది.

దగ్గరికి తీసుకుందామంటే అక్క చేతులు ఇంకా కాలుతున్నాయి. రెండూ వెనక్కి పెట్టుకుని, తల వంచుకుని, "పద" అంది.